పర్పుల్ హార్ట్ పతకం: రికార్డు వెతకడం, అర్హత నిరూపించడం, పతకాన్ని పొందడం

అమెరికా సైన్యంలో పనిచేస్తూ శత్రువు చేతిలో గాయపడినవారికీ, ప్రాణాలు కోల్పోయినవారికీ ఆ దేశ అధ్యక్షుడి పేరిట ఇచ్చే పతకం పర్పుల్ హార్ట్. తక్కిన సైనిక పతకాలకూ దీనికీ మౌలికమైన తేడా ఒకటి ఉంది. శౌర్య పతకాలకు పై అధికారి సిఫారసు చేయాలి, దాన్ని మరొక అధికారి ఆమోదించాలి, కొన్నిటికి గడువు కూడా ఉంటుంది. పర్పుల్ హార్ట్‌కు సిఫారసు అక్కర్లేదు. నియమాలలో చెప్పిన షరతులు నెరవేరితే చాలు, అది ఆ సైనికుడి హక్కు అవుతుంది. కాబట్టి ఈ పతకం కోసం ప్రయత్నించేవారు సైనికుడి ధైర్యాన్ని వర్ణించనక్కర్లేదు. గాయానికి శత్రువే కారణమనీ, దానికి వైద్యుడు చికిత్స చేశాడనీ, ఆ చికిత్స అధికారిక పత్రాలలో నమోదైందనీ చూపించగలిగితే సరిపోతుంది. ఈ మూడు విషయాలకూ కాగితం సంపాదించడమే అసలు పని. కింద చెప్పబోయే ప్రతి మెట్టూ దానికోసమే.

మరొక సంగతి ముందే తెలిస్తే చాలా కాలం ఆదా అవుతుంది. ఈ పతకం పొందిన వారందరి పేర్లతో ప్రభుత్వం దగ్గర సమగ్రమైన జాబితా ఏదీ లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ విండ్సర్‌లో 2006లో ప్రారంభమైన నేషనల్ పర్పుల్ హార్ట్ హాల్ ఆఫ్ ఆనర్ పేర్లను సేకరిస్తున్నది గాని, అందులో చేరేది గ్రహీతలో, వారి బంధువులో, మిత్రులో స్వచ్ఛందంగా పంపిన వివరాలే. అక్కడ పేరు కనిపించనంత మాత్రాన పతకం రాలేదని నిర్ణయించుకోకూడదు.

మొదటి మెట్టు: ఏ కాలం, ఏ దళం?

నియమాలు కాలంతోపాటు మారుతూ వచ్చాయి. అందుచేత సైనికుడు ఏ యుద్ధంలో, ఏ దళంలో ఉన్నాడో తేల్చుకోకుండా ముందుకు వెళ్తే తప్పుడు ప్రశ్నలకు సమాధానాలు వెతుకుతూ కూర్చోవలసి వస్తుంది. జార్జ్ వాషింగ్టన్ 1782 ఆగస్టు 7న న్యూబర్గ్‌లోని తన శిబిరం నుంచి బ్యాడ్జ్ ఆఫ్ మిలిటరీ మెరిట్‌ను ప్రకటించాడు. అది ఊదారంగు గుడ్డతో చేసిన హృదయాకారపు గుర్తు. యోగ్యతకు ఇచ్చినదే గాని గాయానికి కాదు. దానిని అందుకున్నట్టు రూఢిగా తెలిసినవారు ఎలైజా చర్చిల్, విలియం బ్రౌన్, డేనియల్ బిస్సెల్ అనే ముగ్గురు సార్జెంట్లు. తరువాత నూటయాభై సంవత్సరాలపాటు దాని ఊసు దాదాపు ఎవరూ ఎత్తలేదు. వాషింగ్టన్ ద్విశత జయంతి అయిన 1932 ఫిబ్రవరి 22న, అప్పటి సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ చొరవతో అది పర్పుల్ హార్ట్ పేరుతో తిరిగి వచ్చింది.

1932 నుంచి 1942 వరకు గడిచిన దశాబ్దం పరిశోధకులను ఎక్కువగా తికమక పెడుతుంది. ఆ రోజుల్లో ఇది పదాతి దళం మొదలైన భూసేనకు మాత్రమే పరిమితం. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, చొక్కా చేతికి గాయపు పట్టీ ధరించే అర్హత పొందినవారు దరఖాస్తు చేసుకుని దీన్ని తీసుకున్నారు. అదే యుద్ధంలో ప్రశంసాపత్రం పొందినవారికి కూడా, ఒంటి మీద గీత పడకపోయినా, ఇదే పతకం వచ్చింది. కనుక తాతగారి పెట్టెలో ఈ కాలపు పతకం ఉన్నదంటే ఆయన గాయపడ్డాడని అనుకోవడానికి వీల్లేదు. పైగా అప్పట్లో దరఖాస్తు చేయగలిగింది బతికి ఉన్నవారే గనుక, యుద్ధంలోనే చనిపోయినవాడి ఇంట్లో అది లేకపోవడంలో వింతేమీ లేదు.

1942లో రూపురేఖలు మారాయి. 1941 డిసెంబరు 7 నాటి పెర్ల్ హార్బర్ దాడి మొదలుకొని మరణించినవారికి మరణానంతరం ఇవ్వడం మొదలైంది. యోగ్యతకు లీజియన్ ఆఫ్ మెరిట్ అనే వేరే పతకం రావడంతో పర్పుల్ హార్ట్ గాయానికీ, మరణానికీ మాత్రమే మిగిలింది. ఆ ఏడాది డిసెంబరు 3న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో నౌకాదళానికీ, మెరైన్లకూ (సముద్రం మీంచి దిగి పోరాడే దళం), కోస్ట్ గార్డ్‌కూ వర్తించింది. 1952లో వచ్చిన మరొక ఉత్తర్వు ఆ దళాలవారికి కూడా అర్హతను 1917 ఏప్రిల్ 5 వరకు వెనక్కి జరిపింది. 1984లో ఉగ్రవాద దాడులనూ, శాంతి పరిరక్షక విధులనూ చేర్చారు. పౌర ఉద్యోగులకు కొంతకాలం ఇచ్చి, 1990ల చివర ఆపేశారు.

రెండవ మెట్టు: ఆ గాయం నియమాలకు సరిపోతుందా?

దరఖాస్తులు ఎక్కువగా తిరిగి వచ్చేది ఇక్కడే, అదీ తరచుగా ఒక్క అపోహ వల్లే. విధి నిర్వహణలో తగిలిన గాయం వేరు, శత్రు చర్య వల్ల తగిలిన గాయం వేరు. పాత వైద్యపత్రాలలో ‘విధి నిర్వహణలో: అవును’ అని రాసి ఉంటుంది; దాన్ని చూసి కుటుంబాలు ఆశ పెంచుకుంటాయి. ఆ మాటకు అర్థం సైనికుడు తన దుష్ప్రవర్తన వల్ల గాయపడలేదని మాత్రమే. పెన్షనుకు అది పనికివస్తుంది, ఈ పతకానికి చాలదు.

శత్రువు ప్రమేయం ఎంత అన్నదే గీటురాయి. తూటా, ఫిరంగి గుండు తునక, మందుపాతర, బాంబు, శత్రువు ప్రయోగించిన విషవాయువు వీటి విషయంలో సందేహమే ఉండదు. శత్రువు కాల్పులకు విమానం కూలిపోతున్నప్పుడు పారాచూట్‌తో దూకి కాలు విరిగినవాడికి కూడా పతకం వస్తుంది, ఎందుకంటే ఆ దూకడానికి కారణం శత్రువే. అదే సైనికుడు మామూలుగా పారాచూట్‌తో దూకినప్పుడు కాలు విరగ్గొట్టుకుంటే రాదు. వాహనం బోల్తా పడినా ఇదే తర్కం: కాల్పుల వల్ల బోల్తా పడితే అర్హత ఉంది, మలుపులో జారితే లేదు. సొంత సేన గుండు తగిలినవారి విషయంలో, ఆ గుండు శత్రువును దెబ్బతీయాలనే ఉద్దేశంతో, పోరు జరుగుతున్నప్పుడు ప్రయోగించినదైతే అర్హత ఉంటుంది.

వ్యాధులు, వడదెబ్బ, కందకాలలో నీటిలో నాని పాదాలు పాడవడం, శత్రువు కలపని విషాహారం, ప్రమాదాలు, తనను తాను గాయపరచుకోవడం అర్హతలోకి రావు. మంచుకాటు సాధారణంగా రాదు గాని, 1941 డిసెంబరు 7 నుంచి 1951 ఆగస్టు 22 వరకు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినంత తీవ్రమైన మంచుకాటుకు భూసేన నియమాలలో మినహాయింపు ఉంది. కొరియా యుద్ధపు తొలి శీతకాలంలో ఉన్నవారి కుటుంబాలు ఈ తేదీలను గుర్తుంచుకోవాలి. యుద్ధం మిగిల్చిన మానసిక వ్యాధి ఇప్పటికీ అర్హతలో లేదు. దీనిమీద చాలాకాలంగా వాదం నడుస్తున్నది. గాయం కంటికి కనబడాలన్న పట్టుదల నాకైతే అంత సబబుగా తోచదు, కాని దరఖాస్తుదారుడు వాదించవలసినది నేటి నియమంతోనే. పేలుడు వల్ల మెదడు అదిరిన సందర్భాలకు మాత్రం 2011లో స్పష్టత ఇచ్చారు: లక్షణాలు తగ్గక వైద్యుడు 48 గంటలకు మించి పూర్తి విధుల నుంచి తప్పించి ఉంటే, స్పృహ కోల్పోకపోయినా పరిశీలిస్తారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేసి అప్పట్లో తిరస్కరణ పొందినవారు మళ్ళీ అడగడానికి ఇది మంచి ఆధారం.

ఒకే పేలుడులో పది తునకలు దిగినా పతకం ఒక్కటే. వేరు వేరు సందర్భాలలో గాయపడితే రెండో పతకానికి బదులు రిబ్బను మీద చిన్న చిహ్నం వస్తుంది; భూసేన, వైమానిక దళాలలో ఓక్ ఆకుల గుత్తి, నౌకాదళంలో, మెరైన్లలో బంగారు నక్షత్రం.

మూడవ మెట్టు: చేతిలో పతకం ఉంటే

బంగారు అంచు గల ఊదారంగు హృదయం, మధ్యలో వాషింగ్టన్ పక్కముఖం, పైన ఆయన వంశ చిహ్నమైన తెల్ల డాలు మీద రెండు ఎర్ర పట్టీలు, మూడు ఎర్ర నక్షత్రాలు ఉంటాయి. నమూనాను ఎలిజబెత్ విల్ గీయగా, ఫిలడెల్ఫియా టంకశాల శిల్పి జాన్ సిన్నాక్ అచ్చుకు మలిచాడు. వెనుక ‘ఫర్ మిలిటరీ మెరిట్’ అన్న అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. వాటి కింద పేరు చెక్కి ఉందేమో చూడండి. మరణానంతరం ఇచ్చిన వాటిమీద పేరు చెక్కడం ఆనవాయితీ. తొలినాటి వాటి అంచున క్రమసంఖ్య ఉంటుంది, ఊదారంగు భాగం ఎనామెల్‌తో చేసి ఉంటుంది. తరువాతి వాటిలో దాని స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది.

అయితే తయారీని బట్టి ఏ యుద్ధానిదో చెప్పడానికి తొందరపడకండి. జపాన్ మీద భూదాడి జరిగితే లక్షల సంఖ్యలో సైనికులు గాయపడతారని అంచనా వేసి 1945 నాటికి పతకాలను పెద్ద ఎత్తున సిద్ధం చేశారు. ఆ దాడి జరగలేదు. మిగిలిపోయిన నిల్వలోని పతకాలే కొరియాలో, వియత్నాంలో, ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు సైనికుల చేతికి వెళ్ళాయి. 1968లో గాయపడినవాడి దగ్గర 1945లో చేసిన పతకం ఉండటం సహజమే. పేరు లేని పతకాలు పాత వస్తువుల అంగళ్ళలో ఎవరైనా కొనుక్కోవచ్చు గనుక పతకం సొంతంగా ఏమీ రుజువు చేయదు. దానితో పాటు వచ్చిన ధ్రువపత్రమో, ఆసుపత్రి జారీ చేసిన సాధారణ ఉత్తర్వు (పతకం మంజూరైనట్టు తెలిపే ‘జనరల్ ఆర్డర్’) నకలో దొరికితే అదే అసలు నిధి.

నాల్గవ మెట్టు: సర్వీసు రికార్డు తెప్పించుకోవడం

ముందు ఇంట్లో ఉన్న డిశ్చార్జి పత్రాన్ని చదవండి. 1950 నుంచి అది డీడీ 214. రెండో ప్రపంచ యుద్ధపు భూసేన సైనికులకైతే డబ్ల్యుడి ఏజీఓ 53-55. రెండవ దానిలో పతకాల గడి ఒకటి, యుద్ధంలో తగిలిన గాయాల గడి మరొకటి ఉంటాయి. గాయాల గడిలో తేదీ, ప్రాంతం ఉండి పతకాల గడిలో పర్పుల్ హార్ట్ లేకపోతే, అది గుమాస్తా పొరపాటు కావచ్చు. అలాంటి కేసులు చాలా తేలికగా పరిష్కారమవుతాయి. ఇంట్లో పత్రం లేకపోతే ఆయన తిరిగివచ్చి స్థిరపడిన కౌంటీ (మన జిల్లా లాంటిది) కచేరీలో అడగండి. ఇంటికి చేరిన సైనికులు చాలామంది డిశ్చార్జి పత్రాన్ని అక్కడ నమోదు చేయించారు. ఈ చిన్న చిట్కా మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టరు.

పూర్తి ఫైలు కోసం మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయీలోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కు ఎస్‌ఎఫ్ 180 అనే దరఖాస్తు పంపాలి. ఆన్‌లైన్‌లో కూడా అడగవచ్చు. పూర్తి పేరు, సర్వీసు నంబరు, దళం, చేరిన, విడిచిన తేదీలు, పుట్టిన తేదీ, ప్రదేశం ఇవ్వాలి. సైనికుడు మరణించి ఉంటే మరణానికి రుజువు జతచేయాలి. సర్వీసు విడిచి 62 సంవత్సరాలు దాటిన రికార్డులను రుసుము చెల్లించి ఎవరైనా తీసుకోవచ్చు. అంతకంటే కొత్తవి సైనికుడికీ, లేదా సమీప బంధువులకీ మాత్రమే పూర్తిగా ఇస్తారు: మళ్ళీ పెళ్ళి చేసుకోని జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. మనవడు అడుగుతున్నట్లయితే తండ్రి గాని, మేనత్త గాని సంతకం చేయడం మంచిది. ‘అన్ని పత్రాల నకళ్ళు, వైద్య రికార్డులతో సహా’ అని స్పష్టంగా రాయండి. లేకుంటే డిశ్చార్జి పత్రం ఒక్కటే పంపి ఊరుకునే అవకాశం ఉంది.

ఐదవ మెట్టు: ఫైలు కాలిపోయిందని జవాబు వస్తే

1973 జులై 12న ఆ కేంద్రంలో చెలరేగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు నాశనమయ్యాయి. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 మధ్య భూసేన విడిచినవారి ఫైళ్ళలో దాదాపు 80 శాతం, 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 మధ్య వైమానిక దళం విడిచిన వారిలో అక్షరక్రమంలో హబ్బార్డ్ అనే ఇంటిపేరు తరువాత వచ్చేవారి ఫైళ్ళలో దాదాపు 75 శాతం పోయాయి. వాటికి నకళ్ళు లేవు, సూక్ష్మచిత్రాలు లేవు, కనీసం సూచిక కూడా లేదు. నౌకాదళం, మెరైన్ల ఫైళ్ళకు ఆ నష్టం లేదు. చాలామంది ఈ జవాబు రాగానే విడిచిపెట్టేస్తారు. నిజానికి అసలు పరిశోధన ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే ఒక సైనికుడు గాయపడితే ఆ సంగతి అతని ఫైలులోనే కాక మరెన్నో చోట్ల నమోదవుతుంది.

వాటిలో మొదటిది మార్నింగ్ రిపోర్ట్. ప్రతి కంపెనీ (సైన్యంలో ఒక చిన్న దళం) ప్రతిరోజూ ఎవరు కొత్తగా చేరారు, ఎవరు ఆసుపత్రికి వెళ్ళారు, ఎవరు తిరిగి వచ్చారు అని పేర్లతో రాసిన చిట్టా ఇది. కంపెనీ పేరు, గాయపడిన నెల తెలిస్తే సెయింట్ లూయీలోనే దీన్ని వెతికించవచ్చు. ఇందులో పొడి అక్షరాలు వస్తాయి: డబ్ల్యుఐఏ అంటే పోరులో గాయపడ్డాడని, ఎల్‌డబ్ల్యుఏ స్వల్ప గాయమని, ఎస్‌డబ్ల్యుఏ తీవ్ర గాయమని. ఈ అక్షరాలు కనిపిస్తే శత్రువు ప్రమేయానికి బలమైన ఆధారం దొరికినట్టే. యుద్ధేతర కారణమని సూచించే అక్షరాలు ఉంటే మరోదారి చూడాలి. చిట్టాలో గాయం ముందురోజుల నమోదులు కూడా తీసుకోండి. ఆ కంపెనీ ఆనాడు పోరులో ఉన్నదని అవే చెబుతాయి.

రెండవది, సైనిక వైద్య విభాగాధిపతి అయిన సర్జన్ జనరల్ కార్యాలయం కోసం తయారైన ఆసుపత్రి చేరిక కార్డులు. ఇవి 1942 నుంచి 1945 వరకు, తిరిగి 1950 నుంచి 1954 వరకు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధపు కార్డులను సైనికుడి పేరుతో కాక సర్వీసు నంబరుతో వెతకాలి గనుక ఆ నంబరు ముందే సంపాదించుకోండి. గాయం ఏ భాగంలో, ఏ ఆయుధం వల్ల, ఏ నెలలో అన్నవి సంకేతాలుగా ఉంటాయి. ఒక్క కార్డుతో గాయమూ, చికిత్సా రెండూ రుజువైన సందర్భాలున్నాయి. అయితే అందరి కార్డులూ మిగల్లేదు.

మూడవది, సైనికుడు బతికుండగా వికలాంగ భృతి కోరి ఉంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అఫైర్స్ విభాగం దగ్గరున్న ఫైలు. అగ్నిప్రమాదానికి ముందే వైద్య రికార్డులు అక్కడికి బదిలీ అయి ఉంటే, కాలిపోయాయనుకున్న కాగితాలు చెక్కుచెదరకుండా దొరకవచ్చు. వీటికి తోడు యూనిట్ పోరాట నివేదికలు, ఆసుపత్రుల సాధారణ ఉత్తర్వులు, కుటుంబానికి వచ్చిన టెలిగ్రాము, స్థానిక పత్రికలో అచ్చయిన క్షతగాత్రుల జాబితా, ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరం కూడా సేకరించాలి. పత్రికా వార్త ఒంటరిగా నిలవదు గాని, మార్నింగ్ రిపోర్ట్ తేదీతో సరిపోలితే బరువు పెరుగుతుంది.

ఆరవ మెట్టు: దరఖాస్తు, ఆపై విన్నపం

పతకం గతంలోనే మంజూరై, పోయింది లేదా అందలేదు అన్న సందర్భంలో రికార్డుల కేంద్రం ద్వారానే కొత్త పతకం అడగవచ్చు. అసలు ఎన్నడూ మంజూరు కాలేదంటే సంబంధిత దళానికి దరఖాస్తు చేయాలి. భూసేన విషయంలో కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్ దీన్ని చూస్తుంది. ఒక పేజీ లేఖ చాలు. తేదీ, స్థలం, యూనిట్, గాయం, కారణం, చికిత్స ఎక్కడ జరిగింది అన్నవి వరుసగా చెప్పి, ప్రతి వాక్యానికీ ఎదురుగా దాన్ని నిరూపించే జతపత్రం సంఖ్య వేయండి. సైనికుడి త్యాగాన్ని వర్ణించే పేరాలు తీసేయండి. పరిశీలించే అధికారికి కావలసింది ఆ మూడు రుజువులే. వైద్య రికార్డు లేని చోట, కళ్ళారా చూసిన తోటి సైనికుల ప్రమాణపత్రాలు తోడ్పడతాయి. సాక్షి ఆ సమయంలో అదే యూనిట్‌లో ఉన్నట్టు చిట్టాతో చూపిస్తే వాటి విలువ హెచ్చుతుంది. సైనికుడు తానే ఇచ్చుకున్న వాంగ్మూలం మాత్రమే ఉంటే సాధారణంగా నిరాకరిస్తారు.

నిరాకరణ లేఖ వస్తే అందులో ఏ అంశం లోపించిందన్నారో గుర్తించి, దానికి మాత్రమే కొత్త ఆధారం వెతికి తిరిగి పంపండి. దానితోనూ తేలకపోతే సైనిక రికార్డుల సవరణ మండలికి డీడీ 149 అనే ఫారం మీద విన్నవించుకోవాలి. భూసేనకు, వైమానిక దళానికి వేరువేరు మండళ్ళు ఉన్నాయి. నౌకాదళానికీ మెరైన్లకూ కలిపి ఒకటి. లోపాన్ని కనుగొన్న మూడేళ్ళలోపు అడగాలన్నది నియమం, కాని న్యాయం కోసం గడువును మన్నించే అధికారం మండలికి ఉంది. ఆలస్యానికి కారణాన్ని ఆ ఫారంలోనే రాయాలి. కింది స్థాయిలో ప్రయత్నించకుండా నేరుగా మండలికి వెళ్తే విన్నపాన్ని వెనక్కి పంపుతారు.

మరణించిన సైనికుడి విషయంలో

శత్రు చర్యలో అక్కడికక్కడే మరణించినవారికీ, ఆ గాయాలతో తరువాత మరణించినవారికీ అర్హత సమానమే. యుద్ధఖైదీగా చెరలో మరణించినవారికి 2008లో విధానం మార్చారు: చెరలో జరిగిన మరణానికి శత్రువే కారణమని భావిస్తారు, కాదనడానికి గట్టి ఆధారం ఉంటే తప్ప. అంతకుముందు తిరస్కరణ పొందిన కుటుంబాలు ఈ మార్పును చూపి మళ్ళీ అడగవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించినవారికైతే మృతుల వ్యక్తిగత ఫైలు అనేది విడిగా ఉంటుంది. మరణ కారణం, ఖననం, కుటుంబంతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు అందులో ఉంటాయి. చదవడానికి గుండె దిటవు కావాలి, ఎందుకంటే శరీరం ఏ స్థితిలో దొరికిందో అందులో దాపరికం లేకుండా రాసి ఉంటుంది.

ఊదా నేపథ్యం మీద బంగారు నక్షత్రం ఉన్న చిన్న గుండీని కొన్ని కుటుంబాలు పర్పుల్ హార్ట్‌గా పొరబడతాయి. అది 1947లో ఏర్పడిన గోల్డ్ స్టార్ లాపెల్ బటన్. సైనికుడికి కాక అతన్ని కోల్పోయిన బంధువులకు ఇచ్చేది.

మంజూరైన తరువాత

డిశ్చార్జి పత్రంలో సవరణ జరిగిందో లేదో తప్పక చూసుకోండి. డీడీ 214ను సరిదిద్దే పత్రం డీడీ 215. పతకం పెట్టెలో ఉండి సవరణ పత్రం లేకపోతే ప్రయోజనాలు అందడం కష్టం కావచ్చు. బతికి ఉన్న గ్రహీతకు వెటరన్స్ వైద్యసేవలలో మూడవ ప్రాధాన్య వర్గం దక్కుతుంది. 2001 సెప్టెంబరు 11 తరువాత సర్వీసులో ఉండి ఈ పతకం పొంది, గౌరవప్రదంగా విడుదలైనవారికి, ఎంతకాలం పనిచేశారన్నదానితో సంబంధం లేకుండా, 2018 ఆగస్టు 1 నుంచి విద్యా సహాయం పూర్తి స్థాయిలో వర్తిస్తుంది. ఆర్లింగ్టన్ జాతీయ సైనిక సమాధి స్థలంలో భూఖననానికి కూడా ఇది అర్హతనిస్తుంది.

ఎవరిదో తెలియని పతకం మీ చేతికి వచ్చి, వెనుక పేరుంటే, దాన్ని కుటుంబానికి చేర్చే పనిని పర్పుల్ హార్ట్స్ రీయునైటెడ్ అనే స్వచ్ఛంద సంస్థ చేస్తుంది. ఈ పతకాన్ని అమ్మడం, కొనడం చట్టవిరుద్ధం కాదు. డబ్బు గాని మరేదైనా లాభం గాని పొందాలన్న ఉద్దేశంతో తాను గ్రహీతనని అబద్ధం చెప్పడం మాత్రం 2013 నాటి చట్టం ప్రకారం నేరం.